యానాంను వదిలిన రోజే అల్జీరియాలో యుద్ధం: ఫ్రాన్స్ పాలనలో సెట్లర్ల చిక్కుముడి

1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం పాలన కూడా ఫ్రాన్స్ నుంచి భారత ప్రభుత్వానికి బదిలీ అయింది. యానాంలో అయితే దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు జూన్ 13నే పాలన చేతిలోకి తీసుకున్నారు. నవంబరు 1 దానికి అధికార ముద్ర వేసిన రోజు.

సరిగ్గా అదే తేదీన, అర్ధరాత్రి దాటాక, మధ్యధరా సముద్రం అంచున ఉన్న అల్జీరియాలో పోలీసు ఠాణాల మీద, సైనిక స్థావరాల మీద ఒక్కసారిగా దాడులు జరిగాయి. ఆ దాడులు చేసిన స్వాతంత్ర్య సంస్థ నేషనల్ లిబరేషన్ ఫ్రంట్, ఫ్రెంచి పొట్టిపేరులో ఎఫ్.ఎల్.ఎన్., ప్రపంచానికి తెలిసింది ఆ రోజే. అక్కడ జెండా మారడానికి మరో ఏడున్నరేళ్ళు పట్టింది. ఈలోగా లక్షల ప్రాణాలు పోయాయి.

రెండు చోట్లా పాలించింది ఫ్రాన్సే. అప్పటి ప్రధాని కూడా ఒక్కరే, పియెర్ మెండెస్ ఫ్రాన్స్. ఆ ఏడాది జూలైలో ఇండోచైనా యుద్ధాన్ని ముగించింది ఆయన. ట్యునీషియా వెళ్ళి స్వయంపాలన ఇస్తామని మాట ఇచ్చింది ఆయన. అక్టోబరు 21న మన దేశంతో ఒప్పందం చేసుకున్నదీ ఆయన ప్రభుత్వమే. అలాంటి మనిషి నవంబరు 12న పార్లమెంటులో నిలబడి, అల్జీరియా జిల్లాలు ఫ్రెంచి రిపబ్లిక్‌లో భాగమని, వాటిని విడదీయడం ఊహకు కూడా రాని విషయమని అన్నారు.

ఒకే ప్రభుత్వం ఒకచోట అంత తేలిగ్గా వదులుకుని, ఇంకోచోట అంత మొండిగా ఎందుకు నిలబడింది? అల్జీరియాలో అప్పటికి సుమారు 10 లక్షల మంది యూరోపియన్ సెట్లర్లు ఉన్నారు. యానాంలో లేరు. అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియాలో 2024లో ఓటరు జాబితా కోసం అల్లర్లు జరిగినప్పుడు, ఓటరు జాబితా కోసం ప్రాణాలు పోవడం ఏమిటని చాలామందికి అర్థం కాలేదు. దాని వేళ్ళు కూడా ఈ సెట్లర్ వ్యవస్థలోనే ఉన్నాయి.

‘సెట్లర్’ అన్న మాటతోనే మొదటి తికమక

మనకు ఈ మాట కొత్త కాదు. హైదరాబాద్‌లో ఎన్నికలు వస్తే ‘సెట్లర్ల ఓట్లు’ అని రోజూ వింటాం. అక్కడ దాని అర్థం ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. వాళ్ళకూ స్థానికులకూ చట్టం ఒకటే, ఓటు విలువ ఒకటే. ఈ వ్యాసంలోని సెట్లర్లు వేరు. ఒక దేశాన్ని సైన్యంతో గెలిచిన ప్రభుత్వం, అక్కడి భూమిని తీసుకుని, దాని మీద తన మనుషులను కాపురం పెట్టించి, వాళ్ళకు స్థానికుల కంటే పై హక్కులు ఇస్తే ఏర్పడేది సెట్లర్ వలసరాజ్యం.

తెలుగులో ‘వలస’ అనే మాట కూడా రెండు పనులు చేస్తోంది. పాలమూరు నుంచి కూలికి వెళ్ళడమూ వలసే, ఫ్రాన్స్ అల్జీరియాను ఏలడమూ వలస పాలనే. కడుపు చేత పట్టుకుని వెళ్ళినవాడు అక్కడున్న చట్టానికి లోబడతాడు. సెట్లర్ మాత్రం తన చట్టాన్ని వెంట తెచ్చుకుంటాడు.

ఫ్రాన్స్ తన సామ్రాజ్యాన్ని అంతటా ఒకేలా నడపలేదు. యానాం, మాహే లాంటివి వ్యాపారం కోసం మొదలైన చిన్న స్థావరాలు. ట్యునీషియా, మొరాకో రక్షిత రాజ్యాలు. పేరుకైనా అక్కడ స్థానిక రాజు ఉన్నాడు, కాబట్టి అధికారం తిరిగి అప్పగించడానికి ఒక చేయి ఉంది. ఆ రెండూ 1956 మార్చిలో స్వతంత్రమయ్యాయి. వాటిలోనూ సెట్లర్లు ఉన్నారు గానీ తక్కువ. అల్జీరియా దగ్గరికి వచ్చేసరికి 1848లోనే దాన్ని అల్జీర్స్, ఒరాన్, కాన్‌స్టంటీన్ అని మూడు జిల్లాలు చేసి ఫ్రాన్స్‌లోనే కలిపేశారు. చట్టం దృష్టిలో అది పరాయి దేశం కాదు, కాబట్టి దానికి స్వాతంత్ర్యం అనే ప్రశ్నే లేదు.

ఉమ్మడి భూమి వేలంపాటకు ఎలా వచ్చింది

1830 జూలై 5న అల్జీర్స్ నగరం ఫ్రెంచి సైన్యానికి లొంగింది. దేశం లొంగడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. అమీర్ అబ్దుల్ ఖాదిర్ 1847 దాకా పోరాడాడు. జనరల్ బ్యుజో సైన్యాలు పంటలు తగలబెట్టాయి. 1845లో దహ్రా కొండల్లో, గుహల్లో తలదాచుకున్న వందల మందిని పొగబెట్టి చంపారు.

యుద్ధంలో లాక్కున్న భూమి ఒక ఎత్తు. చట్టం ద్వారా పోయిన భూమి ఇంకో ఎత్తు. నా ఉద్దేశంలో రెండోదే ఎక్కువ అర్థం చేసుకోవాల్సింది, ఎందుకంటే అది చప్పుడు లేకుండా జరిగింది. అల్జీరియా పల్లెల్లో చాలా భూమి ఒక్కో కుటుంబం పేర కాకుండా తెగ మొత్తానికో, వంశానికో ఉమ్మడిగా ఉండేది. 1873 నాటి వార్నియే చట్టం ఈ భూములను ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి తెచ్చింది. ఆ కోడ్ ప్రకారం ఎవరినీ ఉమ్మడిలో బలవంతంగా ఉంచకూడదు, వాటాదారుల్లో ఏ ఒక్కరు అడిగినా పంపకం చేయాలి.

వినడానికి న్యాయంగానే ఉంది. ఆచరణలో ఏమవుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక వంశానికి 100 హెక్టార్లు ఉన్నాయి, వాటాదారులు 50 మంది. కరువు ఏడాదిలో అప్పుల్లో ఉన్న ఒకడు తన వాటాను ఒక వ్యాపారికి అమ్ముకున్నాడు. ఆ వ్యాపారి ఇప్పుడు వాటాదారు. కోర్టుకెళ్ళి పంపకం అడుగుతాడు. 50 ముక్కలుగా పంచడం కుదరదంటే కోర్టు మొత్తం భూమిని వేలం వేస్తుంది. కొలతలు, నోటీసులు, లాయర్ల ఖర్చు వాటాదారులందరి మీదా పడుతుంది. వేలంలో డబ్బున్నవాడు ఎవరు? ఆ వ్యాపారే. 49 మంది అమ్మకుండానే భూమి చేయి దాటిపోయింది.

అంతకు రెండేళ్ళ ముందు, 1871లో, కబీలియా ప్రాంతంలో మొక్రానీ నాయకత్వంలో పెద్ద తిరుగుబాటు జరిగింది. దాన్ని అణచిన తర్వాత భారీ జరిమానాలు వేసి, సుమారు నాలుగున్నర లక్షల హెక్టార్లు జప్తు చేశారు. నాయకులను, తిరుగుబాటుదారులను ఓడలెక్కించి న్యూ కాలెడోనియాకు పంపేశారు. అదే సమయంలో జర్మనీ చేతిలో ఓడి అల్సాస్, లొరైన్ ప్రాంతాలు పోగొట్టుకున్న ఫ్రాన్స్, అక్కడి కాందిశీకుల్లో కొందరికి అల్జీరియాలో భూములిచ్చింది. ఒకరు పోగొట్టుకున్న ఇంటికి పరిహారం ఇంకొకరి పొలం అయింది.

1950ల నాటికి యూరోపియన్ల చేతిలో సుమారు 27 లక్షల హెక్టార్లు ఉన్నాయి. అందులో సాగునీటి వసతి బాగా ఉన్న మైదానాలు ఎక్కువ. ఆ భూముల్లో ద్రాక్ష పండించారు. మద్యం నిషిద్ధమని నమ్మే ప్రజలున్న దేశం, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ వైన్ ఎగుమతి చేసే దేశం అయింది.

పౌరుడు కాని ప్రజ

అల్జీరియా ఫ్రాన్స్‌లో భాగమైతే అక్కడి ముస్లింలు ఫ్రెంచి పౌరులు కావాలి కదా? 1865 నాటి చట్టం ఇక్కడ ఒక మెలిక పెట్టింది. వాళ్ళు ఫ్రెంచి ‘ప్రజలు’, కానీ ‘పౌరులు’ కారు. పౌరసత్వం కావాలంటే పెళ్ళి, వారసత్వం లాంటి విషయాల్లో ముస్లిం న్యాయాన్ని వదులుకోవాలి. ఊళ్ళో దాన్ని మతం వదిలేయడం కిందే చూసేవారు. అందుకే ఆ దారిలో పౌరులైనవాళ్ళు చాలా కొద్దిమంది. 1870లో క్రెమ్యూ డిక్రీ స్థానిక యూదులు సుమారు 35 వేల మందికి ఒక్క సంతకంతో పౌరసత్వం ఇచ్చింది. 1889 చట్టం అల్జీరియాలో పుట్టిన స్పెయిన్, ఇటలీ, మాల్టా వాళ్ళ పిల్లలను ఫ్రెంచివారిని చేసింది. ముస్లింలు మాత్రం బయటే ఉండిపోయారు.

మన యానాంతో పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. ఫ్రెంచి ఇండియాలో కూడా 1881లో ఒక డిక్రీ వచ్చింది. సొంత కుల, మత ఆచార న్యాయాన్ని వదులుకుంటే ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి రావచ్చు. కానీ వదులుకోనివాళ్ళకు కూడా ఓటు ఉండేది, పారిస్ పార్లమెంటుకు సభ్యుణ్ణి పంపే ఎన్నికల్లో పాల్గొనేవాళ్ళు. ఆ ఓట్లలో అక్రమాలు, కులం లెక్కలు ఎన్ని ఉన్నా, ఓటంటూ ఉంది. ఇక్కడ భూమి కోసం పోటీపడే సెట్లర్ల సమాజం లేదు కాబట్టి, స్థానికుడి ఓటు చూసి భయపడాల్సిన అవసరం ఎవరికీ అంతగా రాలేదు.

అల్జీరియాలో ఓటు లేకపోవడమే కాదు, శిక్షాస్మృతి కూడా వేరు. 1881 నుంచి అమలైన ‘స్థానికుల కోడ్’ కింద అనుమతి లేకుండా ప్రయాణం చేసినా, సమావేశం పెట్టినా, అధికారితో అమర్యాదగా మాట్లాడినా నేరమే. కోర్టు అక్కర్లేకుండా అధికారే శిక్ష వేయవచ్చు. అదే తప్పు పక్క వీధి యూరోపియన్ చేస్తే తప్పే కాదు.

సెట్లర్లందరూ జమీందార్లా?

కాదు. ఈ విషయం వదిలేస్తే మిగతాది అర్థం కాదు. వేల హెక్టార్ల ద్రాక్షతోటలున్న కుబేరులు ఉన్నారు గానీ వాళ్ళు గుప్పెడుమంది. 1954 నాటికి యూరోపియన్లలో ఎక్కువమంది పట్టణాల్లో ఉండే గుమాస్తాలు, పోస్టుమన్లు, మెకానిక్కులు, చిన్న దుకాణదార్లు. ఫ్రాన్స్‌లో అదే పని చేసేవాడి కంటే వాళ్ళ ఆదాయం సగటున తక్కువే. ఎక్కువమంది అక్కడే పుట్టారు. చాలామంది పూర్వీకులు ఫ్రాన్స్ వాళ్ళే కారు. తరువాత వాళ్ళకు ‘పియే న్వార్’, అంటే నల్లకాళ్ళవాళ్ళు అనే పేరు స్థిరపడింది.

పేదవాడైన సెట్లర్ కూడా సంస్కరణలను ఎందుకు అంత గట్టిగా వ్యతిరేకించాడు? అతనికి ఆస్తి లేదు, కానీ హోదా ఉంది. ఉద్యోగంలో ముందు వరస, పిల్లలకు బడి, పోలీసు దగ్గర మర్యాద. అప్పటికి ముస్లింలలో పదిమందిలో తొమ్మిదిమందికి చదువు రాదు. అందరికీ ఒకే చట్టం వస్తే పెద్ద తోటల యజమాని డబ్బుతో గట్టెక్కుతాడు, ఈ గుమాస్తా దేనితో గట్టెక్కాలి? ఆ భయం నిజమైనదే. ఆ భయం నిలబడ్డ పునాది మాత్రం అన్యాయమైనది. రెండిటినీ ఒకేసారి గుర్తుపెట్టుకోవాలి.

ఒక ఓటు ఎనిమిదిన్నర ఓట్లకు సమానం

1947లో ఫ్రాన్స్ అల్జీరియాకు ఒక శాసనసభ ఇచ్చింది. 120 స్థానాలు, రెండు ఓటరు జాబితాలు. మొదటి జాబితాలో యూరోపియన్లు, వాళ్ళతో పాటు చదువో సైనిక సేవో ఉన్న కొన్ని వేల మంది ముస్లింలు. రెండో జాబితాలో మిగిలిన ముస్లింలు. ఒక్కో జాబితాకు 60 స్థానాలు. చూడటానికి సగం, సగం.

జనాభాతో లెక్క వేద్దాం. 1954 నాటికి యూరోపియన్లు సుమారు 10 లక్షలు, ముస్లింలు సుమారు 85 లక్షలు. 10 లక్షలను 60తో భాగిస్తే ఒక్కో స్థానానికి దాదాపు 16,700 మంది. 85 లక్షలను 60తో భాగిస్తే ఒక్కో స్థానానికి దాదాపు 1,41,700 మంది. అంటే శాసనసభలో ఒక సెట్లర్ బరువు ఎనిమిదిన్నర మంది అల్జీరియన్ల బరువుతో సమానం. అది కూడా చాలలేదు. 1948 ఎన్నికల్లో రెండో జాబితాలో జాతీయవాదులు గెలవకుండా ప్రభుత్వమే రిగ్గింగ్ చేసింది. శాంతియుతంగా గెలిచే దారి ఉందని నమ్మినవాళ్ళకు ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఒక మందుల షాపు యజమాని నడిచిన దారి

ఫెర్హాత్ అబ్బాస్ జీవితం చూస్తే ఆ మార్పు మొత్తం కళ్ళకు కడుతుంది. సెతీఫ్ పట్టణంలో మందుల షాపు నడిపేవాడు, ఫ్రెంచి చదువు చదివాడు. 1936లో ఆయన, అల్జీరియా జాతి ఎక్కడుందని బతికున్నవాళ్ళను, చనిపోయినవాళ్ళను అడిగానని, శ్మశానాలకు కూడా వెళ్ళి వెతికానని, దొరకలేదని రాశాడు. ఆయన కోరింది స్వాతంత్ర్యం కాదు, ఫ్రాన్స్‌లో సమాన పౌరసత్వం. ఇస్లామిక్ పండితుడు బెన్ బాదిస్ దీన్ని ఒప్పుకోలేదు. అల్జీరియా ఫ్రాన్స్ కాదు, కాలేదు, కావాలనుకోవడం లేదని బదులిచ్చాడు. కార్మికుల మధ్య పనిచేసిన మెస్సాలీ హాజ్ 1920ల నుంచే సూటిగా స్వాతంత్ర్యం అడుగుతున్నాడు.

అదే 1936లో పారిస్ ప్రభుత్వం ఒక చిన్న అడుగు వేయబోయింది. బ్లూమ్-వియొలెట్ బిల్లు 20 వేల పైచిలుకు ముస్లింలకు, మత న్యాయాన్ని వదులుకోకుండానే ఓటు ఇస్తానంది. లక్షల మందిలో 20 వేలు! సెట్లర్ల మేయర్లు మూకుమ్మడి రాజీనామాలు చేస్తామని బెదిరించారు. బిల్లు చర్చకే రాలేదు.

ఆ తర్వాత 1945 మే 8. ఐరోపాలో యుద్ధం ముగిసిందని సంబరాలు జరుగుతున్న రోజు. సెతీఫ్‌లో ఊరేగింపులో అల్జీరియా జెండా ఎత్తారు, పోలీసులు కాల్పులు జరిపారు. గొడవల్లో సుమారు 100 మంది యూరోపియన్లు చనిపోయారు. ప్రతీకారంగా సైన్యం, సాయుధ సెట్లర్లు సెతీఫ్, గ్వెల్మా ప్రాంతాల్లో వేల మందిని చంపారు. ఎన్ని వేలన్నది ఇప్పటికీ వివాదమే. ఫ్రాన్స్ అప్పట్లో వెయ్యికి కాస్త పైగా అన్నది, అల్జీరియా 45 వేలు అంటుంది.

అబ్బాస్‌ను కూడా అరెస్టు చేశారు. శ్మశానాల్లో వెతికినా జాతి దొరకలేదన్న ఆ మనిషే 1956లో ఎఫ్.ఎల్.ఎన్.లో చేరాడు. 1958లో అల్జీరియా తాత్కాలిక ప్రభుత్వానికి అధ్యక్షుడయ్యాడు.

పారిస్, సెట్లర్లు, ఎఫ్.ఎల్.ఎన్.: ముక్కోణపు యుద్ధం

మన స్వాతంత్ర్య పోరాటంలో ఒకవైపు బ్రిటిష్ ప్రభుత్వం, ఇంకోవైపు మనం. అల్జీరియాలో మూడో పక్షం ఉంది. పారిస్ ఎప్పుడు మెత్తబడినా సెట్లర్లు అడ్డుపడ్డారు. శాంతి మాటతో గెలిచిన ప్రధాని గీ మొల్లే 1956 ఫిబ్రవరి 6న అల్జీర్స్ వస్తే సెట్లర్ల గుంపు టమాటాలు విసిరింది. ఆయన వెనక్కి తగ్గి, సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చారు. చూస్తుండగా అక్కడి సైనికులు నాలుగు లక్షలు దాటారు. 1957లో అల్జీర్స్ నగరంలో పారాట్రూపర్లు పోలీసు అధికారాలు తీసుకుని, చిత్రహింసలను రోజువారీ పద్ధతిగా మార్చారు. 20 లక్షల మంది పల్లె జనాన్ని ఇళ్ళ నుంచి తరలించి సైనిక శిబిరాల్లో పెట్టారు.

ఎఫ్.ఎల్.ఎన్. చేతులకూ అమాయకుల రక్తం ఉంది. 1955 ఆగస్టులో ఫిలిప్‌విల్ ప్రాంతంలో సెట్లర్ కుటుంబాలను నరికి చంపారు. కేఫుల్లో బాంబులు పెట్టారు. 1957లో మెలూజా దగ్గర, ప్రత్యర్థి జాతీయవాదులను బలపరిచారని సుమారు 300 మంది తోటి అల్జీరియన్లను చంపారు.

1958 మేలో సెట్లర్లు, సైన్యం కలిసి అల్జీర్స్‌లో తిరగబడితే ఫ్రాన్స్ ప్రభుత్వమే కూలిపోయింది, జనరల్ డీగాల్ అధికారంలోకి వచ్చారు. తమను కాపాడతాడని సెట్లర్లు నమ్మిన ఆయనే 1959 సెప్టెంబరులో అల్జీరియన్లకు స్వయంనిర్ణయ హక్కు ప్రకటించారు. 1961 ఏప్రిల్‌లో నలుగురు జనరల్స్ తిరుగుబాటు చేసి విఫలమయ్యారు. సెట్లర్ల రహస్య సైన్యం ఓ.ఏ.ఎస్. బాంబులతో విరుచుకుపడింది. 1962 మార్చి 18న ఎవియాన్‌లో ఒప్పందం కుదిరింది, జూలైలో దేశం స్వతంత్రమైంది. ఆ ఒక్క ఏడాదిలో ఆరు లక్షలకు పైగా యూరోపియన్లు చేతికందింది సర్దుకుని ఓడలెక్కారు.

యానాం విషయానికి వస్తే, 1956లో సంతకమైన విలీన ఒప్పందం ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం లేక అన్నాళ్ళూ ఆగి ఉంది. అల్జీరియా చేయి దాటాకే, 1962 ఆగస్టు 16న, మన దగ్గర చట్టబద్ధ విలీనం పూర్తయింది.

ఇప్పటికీ తేలని వాదనలు

సెట్లర్లు ఉండిపోయే అవకాశం ఉండేదా? ఎవియాన్ ఒప్పందం వాళ్ళకు మూడేళ్ళ గడువిచ్చి, ఏ దేశ పౌరసత్వం కావాలో తేల్చుకోమంది. వెళ్ళిపోవడానికి ఓ.ఏ.ఎస్. విధ్వంసమే కారణమని కొందరు చరిత్రకారులంటారు. ‘పెట్టె సర్దుకో, లేదా శవపేటిక చూసుకో’ అన్న బెదిరింపును, 1962 జూలై 5న ఒరాన్‌లో యూరోపియన్ల హత్యలను ఇంకొందరు చూపిస్తారు. రెండూ జరిగాయి. ఒకటి చెప్పి రెండోది దాచే కథనాన్ని నేను నమ్మను.

1936 బిల్లు గెలిచి ఉంటే యుద్ధం తప్పేదనేది ఇంకో వాదన. ఎనిమిదిన్నర రెట్ల బరువు పోగొట్టుకోవడానికి ఏ సెట్లర్ సమాజమూ తనంతట తాను ఒప్పుకోదు కాబట్టి తప్పేది కాదనేది ఎదుటి వాదన. మేయర్ల రాజీనామా బెదిరింపు చూశాక నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది.

మృతుల లెక్కా అంతే. అల్జీరియా 15 లక్షల అమరులంటుంది. చాలామంది చరిత్రకారుల అంచనా రెండున్నర నుంచి నాలుగు లక్షలు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన అల్జీరియన్లలో, అంటే హర్కీలలో, చాలామందిని ఫ్రాన్స్ వదిలేసి వెళ్ళింది. వాళ్ళలో ఎంతమంది హత్యకు గురయ్యారన్నదాని మీద అంచనాలు పదివేల నుంచి లక్ష పైదాకా ఉన్నాయి. అల్జీరియాలో జరిగినది ‘యుద్ధం’ అని ఫ్రాన్స్ పార్లమెంటు ఒప్పుకున్నది 1999లో.

న్యూ కాలెడోనియాలో అదే ప్రశ్న, లెక్క తలకిందులు

1853 నుంచి ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న ఈ దీవుల్లో మూలవాసులు కనక్‌లు జనాభాలో సుమారు 40 శాతం. అల్జీరియాలో స్థానికులు పదిమందిలో తొమ్మిదిమంది కాబట్టి ‘ఒక మనిషికి ఒక ఓటు’ వాళ్ళ ఆయుధం. ఇక్కడ బయటి నుంచి జనం వస్తూ పోతే అదే నియమం మూలవాసులను ఓడిస్తుంది. అందుకే 1998 నూమెయా ఒప్పందం తర్వాత స్థానిక ఎన్నికల ఓటరు జాబితాను కట్టడి చేశారు, కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ ఓటు లేదు. పదేళ్ళుగా ఉంటున్నవాళ్ళకు ఓటు ఇస్తామని 2024 మేలో పారిస్ సవరణ తెస్తే అల్లర్లు చెలరేగి పదిమందికి పైగా చనిపోయారు.

అక్కడే పుట్టి పెరిగి పన్నులు కట్టేవాడికి ఓటు లేకపోవడం ప్రజాస్వామ్యమా అని ఒకపక్క అడుగుతారు. మమ్మల్ని మా నేల మీదే మైనారిటీ చేశాక తలలు లెక్కపెట్టడం న్యాయమా అని ఇంకోపక్క అడుగుతారు. 2018, 2020 రెఫరెండాల్లో స్వాతంత్ర్యం ఓడింది, రెండోసారి తేడా తగ్గింది. 2021లో జరిగిన మూడో రెఫరెండాన్ని కనక్ పార్టీలు బహిష్కరించాయి. దీవుల భవిష్యత్తు మీద 2025 జూలైలో పారిస్ దగ్గరి బూజివాల్‌లో కుదిరిన ఒప్పందాన్ని స్వాతంత్ర్యవాదుల ప్రధాన కూటమి మరుసటి నెలలోనే తిరస్కరించింది.

ఎవరు స్థానికుడు, ఎవరు సెట్లర్ అన్నది అక్కడ అంత తేలిగ్గా తేలదు. మొక్రానీ తిరుగుబాటు తర్వాత ఓడలెక్కించి పంపిన కబీలియా మనుషుల్లో చాలామంది తిరిగి వెళ్ళలేకపోయారు. శిక్ష అనుభవించాక వాళ్ళకు ఇచ్చింది కూడా కనక్‌ల నేలే. బూరాయ్ ఊరి దగ్గర నెసాదియూలో వాళ్ళ సమాధులు ఉన్నాయి. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉంటున్నారు.